మడి చీరకు తోడు

నా చిన్నప్పుడు ధవళేశ్వరంలో మేముండే క్వార్టర్స్‌లో వాషింగ్ మిషన్ ఉన్న ఇళ్లు రెండే. ఒకటి ఎదురింటి అత్తయ్యగారిది, రెండోది మాది. మాది అమ్మ ముచ్చటపడి కొనిపించుకున్నది. కొన్న ఏడాదికే అమ్మ జబ్బుచేసి పోయింది. మిషన్ మీద దుప్పటి కప్పేశారు. నాన్న ఆఫీసుకి వెళ్లిపోతే, నన్ను చూసుకోవడానికి కోనసీమ నుంచి వచ్చిన నానమ్మా, నేనూ మిగిలేవాళ్లం.

నానమ్మది నిప్పులు కడిగే మడి. వంటయ్యి, పూజయ్యి, ఆవిడ భోంచేసేదాకా నేను దగ్గరికి వెళ్లకూడదు. అప్పటికి నేను బళ్లో ఉండేదాన్ని. సాయంత్రం మళ్లీ మడి. అన్నం కొసరి కొసరి పెట్టేది, కాకపోతే పైనుంచి వదిలేది. అమ్మ పోయాక నన్ను ఒళ్లోకి తీసుకున్నవాళ్లు లేరు. ఆ సంగతి ఎవరికైనా చెప్పుకోవచ్చని కూడా నాకు తెలియదు.

ఆ వేసవిలో నానమ్మ రేవు మెట్ల మీద జారి మణికట్టు విరగ్గొట్టుకుంది. కట్టు విప్పాక కూడా చీర పిండే బలం రాలేదు. నాన్న బతిమాలగా మిషన్‌కి ఒప్పుకుని, ముందు దాని మీద పసుపు నీళ్లు చల్లింది. మడి చీర ఒక్కటే వెయ్యాలని, అది తిరుగుతున్నంతసేపూ ఎవరూ మిషన్‌ని ముట్టుకోకూడదని షరతు పెట్టింది.

అంతే, చీర పిండే వేళకి మిషన్ దడదడా కొట్టుకునేది. గోడవార పెట్టింది గుమ్మం దాకా నడిచి వచ్చేది. అమ్మ ఉన్నప్పుడు ఎన్నడూ ఇలా లేదు. నాన్న దాని కాళ్ల కింద అట్టముక్కలు పెట్టారు, చెక్కలు పెట్టారు. బాగుచేసే అతను వచ్చి అంతా బాగానే ఉందన్నాడు. దాన్ని రెండు చేతులా పట్టుకుని ఆపాలని నాకు ఎంత ఉండేదో. ముట్టుకోకూడదు కదా, గుమ్మంలో నిలబడి చూసేదాన్ని. చివరికి నాన్న విసిగిపోయి, ఆదివారం ఎవరికైనా ఇచ్చేద్దామన్నారు. అది కూడా వెళ్లిపోతే అమ్మ పూర్తిగా వెళ్లిపోయినట్టే అనిపించింది.

మర్నాడు ఆ చప్పుడికి ఎదురింటి అత్తయ్యగారు వచ్చారు. మూత తీయించి చూశారు.

"ఒక్క చీరేనా అండి వేసింది? తడిసిన చీర ఓ పక్కకి ముద్దయిపోతే మిషన్ కొట్టుకోక ఏం చేస్తుందండి? ఇంకో నాలుగు బట్టలు తోడు వెయ్యండి పిన్నిగారూ," అన్నారు.

ఆవిడ వెళ్లాక నానమ్మ ముద్దయిన చీరని చేత్తో విడదీసింది. మడికి ఉన్నవి రెండే చీరలు. ఒకటి ఒంటి మీద ఉంటే ఒకటి మిషన్‌లో ఉండేది. తోడు వెయ్యడమంటే మైల బట్టలు కలపడమే. నేను ఏడుపు ఆపుకుంటూ గుమ్మంలోనే ఉన్నాను. ఆవిడ నా మొహంకేసి చూసింది.

"నీ యూనిఫాం, దుప్పటీ పట్రా," అంది.

తెచ్చి, అలవాటు కొద్దీ కింద పెట్టబోయాను. ఆవిడ చెయ్యి చాచి నా చేతుల్లోంచే అందుకుంది. చీర చుట్టూ సర్ది మూత వేసింది. మిషన్ చిన్నగా ఊగింది గానీ ఉన్నచోటనే ఉంది. చెయ్యేసి చూడమంది. వేశాను. నా చేతి మీద తన చెయ్యి, ఆ విరిగి అతికిన చెయ్యి వేసింది. అప్పుడు ఏడ్చాను. కొంగుతో కళ్లు తుడిచింది. ఆ పూట ఆవిడ మళ్లీ స్నానం చెయ్యలేదు.

ఇప్పుడు రాజమండ్రిలో నా ఫ్లాట్‌లో నేనొక్కదాన్నే. రోజుకి విడిచేది ఒక చీర. మిషన్ వేసేటప్పుడు బీరువాలోంచి ఉతికిన దుప్పటి ఒకటి తీసి దానికి తోడు వేస్తాను. అది తిరుగుతున్నంతసేపూ మూత మీద చెయ్యి వేసి నిలబడతాను.