ఫ్యాను కొక్కేనికి డాల్ఫిన్

జంతుశాస్త్రం మాస్టారు జాన్ సాహెబ్ గారికి ఎముక కనబడితే చాలు, దాని పుట్టుపూర్వోత్తరాలు చెప్పందే ముద్ద దిగేది కాదు. పెళ్ళి విందులో పక్కవాడి పళ్లెంలోంచి నల్లి బొమిక లాక్కుని, "లేత పొట్టేలని చెప్పారా? ఇది తాతయ్యా" అనేవారు. పెళ్ళికూతురి తండ్రి నొచ్చుకుంటే, "ఎముక అబద్ధం చెప్పదు" అని తీర్పిచ్చేవారు. దాంతో నరసరావుపేటలో ఆయన్ని పెళ్ళిళ్ళకి పిలిచేవాళ్ళు గానీ బిర్యానీ అయిపోయాక పిలిచేవాళ్ళు.

ఎనభై నాలుగులో సూర్యలంక ఒడ్డుకి కొట్టుకొచ్చిన డాల్ఫిన్ ఎముకల్ని గోనెసంచిలో వేసుకుని బస్సెక్కారు. కండక్టరు సంచి తడిమాడు.

"ఏందిది?"

"డాల్ఫిన్."

"బతికే ఉందా?"

"ఉంటే నీళ్ళడిగేది."

లగేజీ టికెట్టు కొట్టాడు.

నా హార్డ్‌వేర్ షాపులో తీగ కొని, నాతోనే చుట్టించి, దాన్ని ముందుగదిలో ఫ్యాను కొక్కేనికి వేలాడదీశారు. మా ఎండల సంగతి తెలిసిందే. ఆయన భార్య అబిదా విసనకర్రతో విసురుకుంటూ, "చేపకి ఫ్యాను చోటిచ్చాడన్నా. కారే కుళాయి మాత్రం బాగుచెయ్యడు" అనేది.

"చేప కాదు. పిల్లలకి పాలిచ్చే ప్రాణి" అనేవారు మాస్టారు. కుళాయి ఊసెత్తేవారు కాదు.

పక్కింటి సయీదా బట్టలు కుడితేనే వాళ్ళ ఇల్లు గడిచేది. మాచర్ల బస్సు దిగుతూ పడి ఆమె ముంజెయ్యి విరిగింది. కట్టు విప్పి డాక్టరు బాగైందన్నాడు. ఆమె మాత్రం మిషను ముట్టదు. "మళ్ళీ ఇరుగుద్ది" అని ఆ చేతిని కొంగులో దాచుకునేది. రంజాను దగ్గర పడింది. గుడ్డలిచ్చినవాళ్ళు వెనక్కి పట్టుకుపోతున్నారు. చూస్తే జాలేసేది.

అప్పుడొక సాయంత్రం మాస్టారు షాపుకొచ్చి, లీకులకి మెత్తే ఎం-సీల్ ముద్ద అడిగారు.

"కుళాయికేనా?"

"మరెందుకయ్యా!"

మర్నాడు సయీదాని పిలిపించారు. నేనూ వెళ్ళాను.

డాల్ఫిన్ పక్క రెక్క చూపించి, "ఇదేంది?" అన్నారు మాస్టారు.

"రెక్క, మాస్టారూ."

"లోపల చూడు. మోచెయ్యి, ముంజెయ్యి, అయిదు వేళ్ళు. అచ్చం నీ చెయ్యే. ఈ బుడిపె చూశావా? విరిగి అతుక్కుంది. ఇక పంటిని కోస్తే చెట్టుకున్నట్టు ఏడాదికో వలయం ఉంటుంది, లెక్కపెట్టాను. ఇది నిండా ముసలిదయ్యాకే చచ్చిపోయింది. విరిగిన చేత్తోనే సముద్రంలో మలుపులన్నీ తిరిగింది. నీకు జాకెట్టు చేతి మలుపంటే భయమా?"

సయీదా ఆ బుడిపెని చానాసేపు తడిమింది.

"నిజంగా అతుక్కుందా?"

"ఎముక అబద్ధం చెప్పదమ్మా."

మధ్యాహ్నానికి గోడ అవతల మిషను చప్పుడు మొదలైంది. నాకు ప్రాణం లేచొచ్చింది. అప్పుడు గుర్తొచ్చింది, ఆ రెక్కకి తీగ చుట్టింది నేనే. ఆ ఎముక నున్నగా ఉండేది.

"మాస్టారూ, ఎముక అబద్ధం చెప్పదన్నారే."

ఆయన అటూ ఇటూ చూశారు. "ఎముక చెప్పలేదయ్యా. ఎం-సీల్ చెప్పింది."

ఆ మనిషిని అక్కడే కావలించుకోవాలనిపించింది. ఇంతలో అబిదా బకెట్టుతో వచ్చింది.

"అన్నా, నీ షాపులో ఎం-సీల్ అయిపోయిందంట కదా?"

మాస్టారు డాల్ఫిన్ వైపు చూస్తూ నిలబడ్డారు.

"నిన్ననే అయిపోయింది చెల్లెమ్మా" అన్నాను.