కాగితం పసుపు

మా అన్న ఎవరికీ అప్పివ్వడు. పసుపు మండీలో కూర్చున్న ఇన్నేళ్ళలో, ఎంత పాత బేరగాడైనా సరే, డబ్బులు చేతికి రానిదే ఒక్క మూట కదలనిచ్చేవాడు కాదు. సొంత మేనమామ వచ్చి బతిమాలినా "సరి మామా, పోయి డబ్బులు తీసుకోని రా" అన్నాడు. తొండియార్‌పేటలో అంత క్రమశిక్షణ గల మనిషి లేడని చెప్పుకొనేవాళ్ళు. ఆ మాట వింటే ఇప్పుడు నాకు ఒళ్ళు మండుతుంది.

నాన్న పోయాక మండీ మా ఇద్దరిదీ అయింది. బేరాలు అన్న చూసేవాడు, లెక్కలు నేను చూసేదాన్ని. ధర పడితే మా ఇళ్ళల్లో ఒకటే పద్ధతి. గోడౌను తలుపు మూసి, శుక్రవారం శుక్రవారం దానికి కర్పూరం చూపించి, ధర లేచేదాకా కాచుకోవడం. "గోడౌన్లో పసుపు అన్నం అడగదు" అనేవాడు తాత. నిజమే, అడగదు. పురుగు పట్టకుండా చూసుకుంటే ఏడాదైనా పడి ఉంటుంది. తాత అలాగే నిలదొక్కుకున్నాడు.

ఆ తెలివినే అన్న ఫోన్‌లోకి మోసుకుపోయాడు. ఫ్యూచర్స్‌లో పసుపు కొన్నాడు. ఫలానా నెలకి, ఫలానా ధరకి అని ఒప్పందం. మూట కంటికి కనపడదు, మొత్తం ధరలో కొంత భాగం మార్జిన్‌గా కడితే చాలు. గోడౌను నిండా సరుకు ఉన్నవాడు ధర పడుతుందేమోనని అక్కడ ముందే అమ్మి పెట్టుకుంటాడు. ఆ బజారు ఉన్నది అందుకే. ఈయన అమ్మలేదు, ఇంకా కొన్నాడు. ధర పడితే గోడౌన్లోనూ దెబ్బే, ఫోన్‌లోనూ దెబ్బే. ఆ మాటే చెప్పాను.

"చుమ్మా ఉండు పాపా, ఊరుకో. నీకు లెక్కలు తెలుసు, సరుకు తెలీదు" అన్నాడు.

ఒక్క షరతు మాత్రం ఒప్పించాను. ధర ఇంతకి దిగితే దానంతట అదే అమ్ముడైపోయేలా స్టాప్‌లాస్ పెట్టమన్నాను. పెట్టాడు. ధర దాని దగ్గరికి రాగానే హద్దును ఇంకాస్త కిందికి జరిపాడు. మళ్ళీ వచ్చింది, మళ్ళీ జరిపాడు. పక్కవాడి పొలం గట్టు జరిపేవాడికైనా ఎవరూ చూడకుండా జరపాలన్న సిగ్గుంటుంది. ఈయన పట్టపగలు, కాఫీ తాగుతూ, నా ఎదురుగానే జరిపాడు.

"అమ్మేయన్నా. చిన్న దెబ్బతో పోతాది" అన్నాను.

"నష్టానికి అమ్మే వంశమా మనది? రెండు నెలలు కాచుకుంటే ధర అదే లేస్తాది."

"ఆడ ఉండే పసుపు అన్నం అడుగుతాదన్నా. దినామూ అడుగుతాది."

అడిగింది. ధర పడిన ప్రతిసారీ బ్రోకర్ ఆఫీసు నుంచి ఫోన్. మార్జిన్ కట్టండి, లేకపోతే మేమే అమ్మేస్తాం అని. పోయిన చోటే వెతుక్కోవాలంటూ అన్న ఇంకో ఒప్పందం కొన్నాడు. లేని పసుపుకి మేత వేయడానికి ఉన్న పసుపు తీశాడు. ఈరోడ్ నుంచి ఏరి తెచ్చుకున్న పసుపు కొమ్ములు, పడిపోయిన ధరకే, లారీల్లో వెళ్ళిపోయాయి. అందులో సగం నావి. ఒక్క మాటైనా అడగలేదు. నష్టానికి అమ్మని వంశం గోడౌను ఊడ్చి మరీ అమ్ముకుంది. చివరికి కట్టడానికేమీ మిగలక, బ్రోకర్ వాళ్ళు ఒప్పందాలు కూడా తెంపేశారు.

లోకంలో ఎవరినీ నమ్మని మనిషి తనను తాను అంత గుడ్డిగా ఎలా నమ్ముకున్నాడో నాకిప్పటికీ అర్థం కాదు. ఓడిపోయినందుకు కోపం లేదు. వ్యాపారమన్నాక ఓడిపోతాం. చేతిలో ఉన్న కళ్ళెం వదిలేసి గుర్రాన్ని తిట్టాడే, అందుకు కోపం.

మండీ వేరేవాళ్ళ చేతికి పోయింది. నేను పురసవాక్కంలో ఒక బట్టల కొట్లో లెక్కలు రాస్తున్నాను. మొన్న మధ్యాహ్నం టిఫిన్ డబ్బా విప్పుతుంటే అన్న ఫోన్ చేశాడు. ఎన్నాళ్ళకో ఆ గొంతులో సంబరం విన్నాను.

"చూస్తివా పాపా? పసుపు లేచింది! నేను కొన్న ధర కూడా దాటిపోయింది. నేను చెప్పింది నిజమా, కాదా?"

"నిజమే అన్నా. మన దగ్గిర ఒక్క కొమ్మన్నా ఉందా?"



"అది వేరే విషయం పాపా" అన్నాడు.