సీలింగ్ వెనక లేని కొక్కేలు

పుప్పాలగూడలో మా ఫ్లాట్ ఇంటీరియర్ పని జరుగుతున్నప్పుడు మా అత్తమ్మ నన్ను అడిగింది ఒక్కటే, హాల్లో ఉయ్యాల బల్ల. పెళ్ళయినప్పటి నుంచీ ఆమె బాలానగర్‌లో కిరాయి ఇళ్ళలోనే బతికింది. ఏ ఓనరూ స్లాబుకు కొక్కెం కొట్టనివ్వలేదట.

"ఇది మన ఇల్లే గద బిడ్డా. సీలింగ్ మూసేముందే జర కొక్కేలు ఏపియ్యరాదు?" అంది.

అప్పటికే నాకు జ్ఞానోదయమై ఉంది. హైటెక్ సిటీలో మా ఆఫీసు కాఫీ మిషన్ దగ్గర నిలబడితే చాలు, ఎవరో ఒకరు చెబుతారు: వస్తువు మోజు నాలుగు రోజుల్లో తీరిపోతుంది, అనుభవమే మిగులుతుందని. చెప్పేవాళ్ళ చేతిలో కొత్త ఫోన్ ఉంటుంది, అది వేరే సంగతి. నేనూ అదే పాఠం ఆమెకు అప్పజెప్పాను. "ఉయ్యాల చివరికి బట్టలు ఆరేసుకోడానికే అత్తమ్మా. ఆ డబ్బుతో అందరం ఊటీ వెళ్దాం." నిజానికి ఉయ్యాల పెడితే హాలు అందం పోతుందని నా బాధ. నేను ముచ్చటపడి తెప్పించిన పెద్ద సోఫాకు మాత్రం ఈ పాఠం వర్తించలేదు.

ఆమె నా మొహం చూసి "నీ ఇష్టం బిడ్డా" అంది. ఒప్పుకుందనుకున్నాను. కొక్కేలు లేకుండానే స్లాబు కింద ఫాల్స్ సీలింగ్ వేసి మూసేశారు.

ఊటీలో మా హోటల్ తోటలో ఉయ్యాల ఉంది. పొద్దున్నే టీ తాగి అత్తమ్మ వెళ్ళి అందులో కూర్చుంది. చెప్పులు విడిచి, కొంగు చెవుల మీదికి లాక్కుని, కాళ్ళతో నేలను మెల్లగా తోసుకుంటూ ఊగింది. ఇంతలో కారు వచ్చింది, రమ్మన్నాను.

"మీరు పోయి రాండ్రి. నేను గీడనే కూసుంట."

నాకు చిర్రెత్తుకొచ్చింది. "ఇంత ఖర్చుపెట్టి తీసుకొచ్చింది ఉయ్యాలలో కూర్చోడానికా?" అన్నాను, మా ఆయన ముందూ డ్రైవర్ ముందూ. ఆమె వెంటనే లేచి కారెక్కింది. రోజంతా నేను చూపించిన వైపల్లా చూసింది. ప్రతిచోటా ఆమెను నిలబెట్టి ఫొటోలు తీశాను. ఉయ్యాల మీద ఒక్కటీ తీయలేదు, తీయాలని తోచనైనా లేదు.

తిరిగొచ్చాక లిఫ్టులో పక్కింటావిడ ఊటీ ఎలా ఉందని అడిగింది.

"మస్తుగున్నది. గాడ తోటల ఉయ్యాల ఉండె" అంది అత్తమ్మ.

అంతే చెప్పింది. నాకు సిగ్గుతో తల ఎత్తబుద్ధి కాలేదు.

ఆ సాయంత్రమే ఫోన్లో స్టాండుతో వచ్చే ఉయ్యాల వెతికాను. బాల్కనీలో పడుతుంది, కొక్కేలతో పనిలేదు. ఆమె పక్కన కూర్చుని ఏ రంగు కావాలో చెప్పమన్నాను. ఆమె ఫోన్ వైపు ఒకసారి చూసి నా చెయ్యి తట్టింది. కోపం లేదు, ఉన్నా బాగుండేది.

"ఇప్పుడెందుకు బిడ్డా, మల్ల ఖర్చు? ఊటీల ఊగిన గద."

అక్కడ ఆమెను నేను ఎంతసేపు ఊగనిచ్చానో మా ఇద్దరికీ తెలుసు.