పొయ్యి ముట్టించని పూట

ప్రొద్దుటూరు బస్టాండు దగ్గర జిలానీది టీ బంకు. మా ఊరు రిజర్వాయరులో మునగకముందు, ఎవరు పోయినా ఇల్లిల్లూ తిరిగి చెప్పే పని వాళ్లింటిదే. కబురు అందిన తర్వాత, మట్టి చేసేదాకా ఏ ఇంట్లోనూ పొయ్యి ముట్టించేవాళ్లు కాదు, చచ్చింది పగవాడైనా సరే.

ఇప్పుడు మేం మూడు ముక్కలం. కొందరం జమ్మలమడుగు దగ్గర కాలనీలో, కొందరం ప్రొద్దుటూరు అద్దె గదుల్లో, కొందరం పులివెందుల అరటి తోటల్లో కూలికి. దీన్నే పునరావాసం అన్నారు. ఆ మాట వింటే నాకు ఒళ్లు మండుతుంది.

మా ఊరి పార్వతమ్మకు నా అన్నవాళ్లు లేరు. జిలానీ బంకులో గ్లాసులు కడిగేది. అనాథ శవమై పోతానేమోనని ఆమె భయం. ఒకసారి నా ముందే అడిగింది.

"జిలానీ, నేను పోతే ఒక్క పొయ్యన్నా ఆగుతాదా?"

"నాది ఆగుతాది పెద్దమ్మా" అన్నాడు. అంతకు మించి మాటివ్వడానికి వాడికి ధైర్యం చాలలేదు.

మొన్న వేసవిలో ఆమె నిద్రలోనే పోయింది. ఆమె అద్దెకున్న ఇంటి యజమాని శవాన్ని గదిలో ఉంచనివ్వలేదు. జిలానీ స్టవ్వు ఆపేసి, బంకు ముందే ఆమెను పడుకోబెట్టి ఫోన్లు మొదలుపెట్టాడు. ఎవరినీ రమ్మనలేదు. "పార్వతమ్మ పాయె. పొయ్యి ముట్టించాకండి" అన్నాడంతే.

మధ్యాహ్నం దాకా మేం నలుగురమే. పాడె మోయడానికి సరిపోతాం, ఊరు అనిపించుకోవడానికి చాలం. నాకు ఏడుపొచ్చింది. ఆమె కోసం కాదు, మా కోసం.

తర్వాత కాలనీ నుంచి ఒక ఆటో వచ్చింది, దాని వెనకే ఇంకోటి. అందరం కలిసి పెన్న ఒడ్డున మట్టి చేశాం. అంతా అయ్యాక పులివెందుల నుంచి నాగేంద్ర దిగాడు, అరటి మరకల చొక్కాతోనే. కడచూపు దక్కలేదని గోరీ దగ్గర కూలబడ్డాడు. కాసేపటికి జిలానీని చూసి, "ఇంగ ముట్టించమని చెప్పప్పా. తోటకాడ మనోళ్ల పిల్లోల్లంతా పొద్దన్నుంచి పస్తుండారు" అన్నాడు.

రానివాళ్ల పొయ్యిలు కూడా ఆగాయని మాకు అప్పుడే తెలిసింది.

జిలానీ మళ్లీ ఫోను తీశాడు. చివరికి కాలనీలో ఒంటరిగా ఉండే కృష్ణమ్మకు చేశాడు. కాళ్లు నడవక ఆమె రాలేకపోయింది. మట్టి వెయ్యడానికి జనం వచ్చారా అని అడిగింది. శానామంది వచ్చిరన్నాడు.

"నేను పోయినప్పుడూ చెప్తావు కదా?"

"చెప్తాలే అవ్వా. ముందు నువ్వు పొయ్యి ముట్టించుకో."