దోమను చూసి కొట్టే మేడం

మా జువాలజీ మేడం పోయారని పోయిన ఆదివారం పొద్దున బాపట్ల నుంచి ఫోనొచ్చింది. తెనాలి కాలేజీలో మాకు డిగ్రీ పాఠాలు చెప్పిన మనిషి, రిటైరయ్యాక బాపట్లలో ఉంటున్నారు. అమ్మకు చెబితే, తరుగుతున్న వంకాయలు వదిలేసి అలాగే కూర్చుండిపోయింది.

క్లాసులో చేతిమీద దోమ వాలితే మేడం వెంటనే కొట్టేవారు కాదు. కళ్ళద్దాలు సర్దుకుని చూసేవారు. "చదునుగా కూర్చుంది చూడండర్రా, బోదకాలు తెచ్చే రకం. మలేరియాదైతే వెనకభాగం పైకి లేపుతుంది" అని చెప్పి, అప్పుడు కొట్టేవారు. మాకు నవ్వాగేది కాదు. రక్తం తాగేవాటన్నిటినీ ఒకే గాటన కడితే ఆవిడ ఒప్పుకోరు. "నల్లి పాపం, రాత్రంతా తాగినా జబ్బు తేదు. డెంగీ దోమ పట్టపగలే కుడుతుంది. దేని దారి దానిది" అనేవారు.

బోదకాలు పాఠం రోజున నేను తలెత్తలేదు. మా అమ్మది బోదకాలు. రేపల్లెలో మా వీధి గుమ్మం దాటి ఆమెకు అప్పటికే ఏళ్ళయింది. అంతకుముందు పెళ్ళిళ్ళకు వెళ్తే, అంటుకుంటుందని ఎవరూ పక్కన కూర్చునేవారు కాదు. అమ్మా అదే నమ్మి, నన్ను కూడా దగ్గరికి రానిచ్చేది కాదు. ఈ సంగతి మేడంతో చెప్పాను.

"ఏంటీ, కన్నకూతుర్ని కూడానా?" అన్నారు. ఆ వారమే రైలెక్కి మా ఇంటికి వచ్చేశారు.

"దగ్గరికి రాకండి మేడంగారూ, అంటుకుద్దండి" అంది అమ్మ. మేడం వినిపించుకోలేదు. పెరట్లో అమ్మను పీట మీద కూర్చోబెట్టి, తను నేలమీద కూర్చుని, ఆ కాలు సబ్బుతో కడిగారు. వేళ్ళ సందులు మెత్తటి గుడ్డతో తుడిచారు.

"రోజూ ఇలా చెయ్యండి అక్కయ్యగారూ. వాపు పూర్తిగా పోదు, ఉన్నమాట చెబుతున్నా. మాటిమాటికీ వచ్చే జ్వరాలు తగ్గుతాయి. ఇది దోమ కుట్టి వచ్చింది, ముట్టుకుంటే ఎవరికీ రాదు. అమ్మాయిని దగ్గరికి తీసుకోండి."

అమ్మ ఏడ్చింది, నేనూ ఏడ్చాను. మేడం టీ అడిగారు.

నాకు మా అమ్మను దగ్గర చేసిన మనిషి ఆవిడ. అయినా అమ్మ వీధిలోకి మాత్రం వచ్చేది కాదు. ఫోన్ చేసినప్పుడల్లా మేడం అడిగేవారు, "అమ్మ బయటికి వస్తోందా?" అని. "లేదండి" అనేదాన్ని. "వస్తుందిలే" అనేవారు.

ఆదివారం అమ్మ నాతో పాటు బాపట్ల బస్సెక్కింది. మేడం ఇంటి వరండా నిండా జనం. అమ్మ వెళ్ళి చాప మీద కూర్చోగానే, కాలు చూసి పక్కనున్నావిడ దూరంగా జరిగింది.

"దోమ కుట్టి వచ్చిందమ్మా ఇది" అంది అమ్మ, అందరికీ వినపడేలా. "ముట్టుకుంటే రాదు. ఆ లోపల పడుకున్నావిడ తన చేత్తో కడిగింది."

దూరం జరిగినావిడ లోపలికి చూసి, మళ్ళీ అమ్మ దగ్గరికి జరిగి కూర్చుంది.