ఇటుకల వెనక కంబాలు

ప్రొద్దుటూరులో మా పాతింటి మిద్దెను మోసే టేకు కంబాలకు ఏటా వేపనూనె పూయడానికొచ్చే వడ్రంగి తాత ఒకచోట కుదురుగా నిలిచేవాడు కాదు. కనబడిన కొయ్యనల్లా వేలికణుపుతో తట్టి, చెవి ఆనించి వినేవాడు.

ఆంధ్రరాష్ట్రం వచ్చిన కొత్తలో మా నాయన వీధివైపు ఇటుకగోడ కట్టించి, ముందరి కంబాలను అందులో కప్పేశాడు. నూనెడబ్బాతో వచ్చిన తాత బిత్తరపోయాడు.

"కంబాలు యాడప్పా?"

"లోపలే ఉండాయిలే మామా. వీధిలోకి శానా బాగ కనపడ్తాండాది, సూడు."

తాత గోడంతా తట్టుకుంటూ పోయి ఒకచోట ఆగాడు. "ఈడ ఒక్క ఇటుక తీయప్పా. కొయ్యకు గాలాడల్ల."

నాయన ఒప్పుకోలేదు. ఆపైన కూడా తాత ఏటా నూనెడబ్బాతో వచ్చి, అక్కడే తట్టి విని వెళ్లిపోయేవాడు.

ఆయన రాని ఏడు, నాయనే ఉలి తెచ్చి ఆ ఇటుక ఊడదీశాడు. లోపలికి చేయి పెడితే గుప్పెడు చెదమన్ను వచ్చింది. నాయన తలెత్తి మా నెత్తిమీది మిద్దెను చూశాడు.