తోటికోడలు పెట్టిన లింకు

బరంపురం గేట్ బజార్‌లో ఉన్న మా బట్టల కొట్టుకు వెబ్ పేజీ తయారుచేసింది మా చిన్న తోటికోడలు. లింకు పెట్టిన ప్రతిసారీ తెర మీద వేలితో తట్టి, "పైకి పేరే కనిపిస్తాది, లోన అడ్రసుంటాది. పేరు నొక్కితే అక్కడికెల్తాం" అనేది. అత్తగారు మురిసిపోయేవారు. నాకు ఒళ్లు మండేది.

ఒకరోజు పట్టుచీరల పేజీకి లింకు నేనే పెడతానన్నాను. పెట్టి, అందరి ముందూ నొక్కితే తెరుచుకోలేదు.

"ఏటైంది?" అన్నారు అత్తగారు.

తోటికోడలు నా పక్కకు వచ్చి, అడ్రసు ముందు నేను మరిచిపోయిన కొటేషన్ గుర్తు పెట్టి మళ్లీ నొక్కింది. చీరలన్నీ తెర మీదికి వచ్చాయి.

"సూడండత్తా, అక్కే సేసింది" అంది.

అత్తగారు నన్ను మెచ్చుకుంటున్నారు. తోటికోడలు అన్నలాంటి మాట నా నోట ఎన్నటికీ రాదని తెలిసి, ఆమెను చూసి ఇంకా కుళ్లుకున్నాను.